తెంపిన దారం మళ్లీ కడతాను

చెకింగ్ పనిలో చేరే పిల్లలకు ముందే ఒక మాట చెబుతాను. ఈ పనిలో మిమ్మల్ని ఎవరూ ఇష్టపడరు. సాంచా, అంటే మరమగ్గం, నడిపేవాడు మిమ్మల్ని చూస్తే మూతి తిప్పుకుంటాడు, వాడి గుడ్డలో తప్పు చూపించేది మీరే కాబట్టి. సేటుకూ మీరంటే పడదు, తప్పు దొరికిన తాకా, అంటే గుడ్డ తాను, తక్కువ ధరకు పోతుంది కాబట్టి. కొనే పార్టీకి మీ పేరే తెలియదు. ఇదంతా ఒప్పుకుంటేనే చేరండి. మెప్పు కావాలనుకుంటే వేరే పని చూసుకోండి, సూరత్‌లో పనులకు కొదవ లేదు.

నా పేరు మల్లేశం. మాది సిరిసిల్ల దిక్కు ఒక పల్లె. మీసం సరిగా మొలవకముందే ఇక్కడికి వచ్చాను. సూరత్‌లోని ఖటోదరాలో సాంచా నడిపాను, అక్కడే గుడ్డ చెక్ చేసే పనిలో పడ్డాను, ఊరి అవతల జోల్వాలో ముగించాను. రిటైరయ్యానని పిల్లలు అంటారు గాని అది పెద్ద మాట. ఒకరోజు కార్ఖానాకు పోవడం మానేశాను, అంతే. అక్షరాలు నాకు తల నెరిసిన తర్వాత వచ్చాయి. నా వాక్యం వంకర పోతే సర్దుకోండి. విషయం వంకర పోతే మాత్రం ఇంటికొచ్చి అడగండి.

పని గురించే రాద్దామని కూర్చున్నాను. కానీ ఏది మొదలుపెట్టినా సులోచన దగ్గరికే పోతోంది. సులోచన మా గల్లీలో పుట్టిన పిల్ల. పెద్దయ్యాక విశ్వవిద్యాలయంలో ఆగ్నేయాసియా చరిత్ర చెప్పింది. అంటే జావా, సుమత్రా, మలయా, సయాం, ఆ దిక్కు దేశాల చరిత్ర. ఆమె పోయి ఏడాది దాటింది. ఆమె ఎన్నడూ అనని మాటను ఆమె పేరు మీద మా సమాజ్, అంటే సూరత్‌లోని మా నేతవాళ్ల కులసంఘం, హాలు గోడకు ఎక్కించారు. ఆ గోడతో నాకు తగాదా నడుస్తోంది. అది ఎందుకో తెలియాలంటే ముందు మా పని ఏమిటో తెలియాలి.

వెలుతురుకు ఎదురుగా

నాకు పని నేర్పింది ఛగన్‌కాకా అనే గుజరాతీ ముసలాయన. ఖటోదరాలో మా కార్ఖానా పక్క గదిలో, కిటికీకి ఎదురుగా ఒక ఇనుప కడ్డీ కట్టి ఉండేది. సాంచా మీది నుంచి దించిన గుడ్డను ఆ కడ్డీ మీద వేసి కిందికి గుంజుతూ పోవాలి. వెలుతురు గుడ్డ వెనక నుంచి రావాలి. తెగిన పడుగు దారం సన్న గీతలా, లావుపడ్డ పేక దారం అడ్డ చారలా కనబడతాయి. నూనె మరకను చూడటానికి కళ్లు చాలు. దారం సడలిన చోటు మాత్రం అరచేతికే తెలుస్తుంది. గుడ్డ మంచి మొహం పైకి పెట్టి చూడబోతే ఛగన్‌కాకా నా చెయ్యి మీద ఒకటి వేసేవాడు. తిరగేసి చూడాలి, ముందువైపు అందరూ చూస్తారు అనేవాడు.

తప్పు దొరికిన చోట గుడ్డ అంచుకు ఎర్రదారం ముక్క కట్టాలి. మడత పెట్టాక కూడా ఆ దారం కొస బయటికి కనబడుతుంది. కొనేవాడు మడత విప్పకుండానే ఆ తాకాలో ఎన్ని తప్పులు ఉన్నాయో చూసుకుంటాడు. కొత్తలో నేను దారం కట్టి ఊరుకునేవాణ్ణి కాదు. ఇది ఫలానా వాడి సాంచా, వాడు తాగి వచ్చాడు అని పురాణం విప్పేవాణ్ణి. ఛగన్‌కాకా ఒకరోజు నా నోరు మూయించాడు.

“గల్తీ కిస్కీ హై, వో తేరా కామ్ నహీ. కహా హై, ఉత్నా బతా.”

తప్పు ఎవరిదన్నది నీ పని కాదు, ఎక్కడుందో అంతవరకు చెప్పు అని. ఇంత చిన్న మాట ఒంటబట్టడానికి నాకు చాలా కాలం పట్టింది.

ఆయన దగ్గర ఇంకో అలవాటు ఉండేది. అది వేరే కార్ఖానాలలో నేను చూడలేదు. కొన్ని తప్పులు రంగు వేయని పచ్చి గుడ్డలో తేలవు. రెండు రకాల దారం కలిసిపోయిందని అనుమానం వస్తుంది, కానీ రంగు వేస్తే గాని బయటపడదు. రంగు వేశాక ఏమీ లేదని తేలవచ్చు కూడా. అలాంటి చోట ఎర్రదారం కడితే నేసినవాడికి అన్యాయం. కట్టకుండా వదిలితే కొన్నవాడికి అన్యాయం. ఛగన్‌కాకా అక్కడ నల్లదారం కట్టేవాడు. నల్లదారం అంటే నాకు తెలియడం లేదు అని అర్థం. మిగతా చెకింగ్‌వాళ్లు నవ్వేవాళ్లు, ముసలాయనకు చూపు తగ్గిందని. చూపు తగ్గినవాడైతే ఏ దారమూ కట్టకుండా వదిలేస్తాడు గదా. ఆయన పోయాక నేను ఎక్కడ పనిచేసినా రెండు రీళ్లు పెట్టుకునేవాణ్ణి, ఒకటి ఎరుపు, ఒకటి నలుపు.

నర్సయ్య సేటు

జోల్వాలో నా సేటు నర్సయ్య. మన తెలుగువాడే. నాతోపాటు సాంచా నడిపినవాడు, కష్టపడి తన కార్ఖానా పెట్టుకున్నాడు. ఆయనను చెడ్డవాడు అని నేను అనను. జ్వరమొచ్చిన పనివాణ్ణి తన బండి మీద దవాఖానకు తీసుకుపోయిన సేటు నాకు తెలిసి ఆయన ఒక్కడే. పండుగకు ఊరికి పోతామంటే మూతి ముడవడు. కానీ ఆయనకు ఒక గుణం ఉంది. బాగా కనబడాలి. కార్ఖానా బాగా కనబడాలి, గుడ్డ బాగా కనబడాలి, తను బాగా కనబడాలి. దాని కోసం ఏదైనా చేస్తాడు.

ఒకసారి పెద్ద పార్టీ గుడ్డ చూడటానికి వస్తోందని తెలిసింది. నేను పొద్దున పోయేసరికి మడత పెట్టిన తాకాల అంచులు నున్నగా ఉన్నాయి. ఒక్క దారం కొస లేదు. కింద చూస్తే ఎర్ర ముక్కలు, నల్ల ముక్కలు ఊడ్చి మూలకు నెట్టి ఉన్నాయి. కత్తెరతో తెంపించాడు.  తాకాలు ఒక్కొక్కటి విప్పి మళ్లీ కట్టుకుంటూ కూర్చున్నాను. పార్టీ వచ్చేసరికి సగం అయింది. నర్సయ్య వాళ్ల ముందు నవ్వుతూనే ఉన్నాడు, వాళ్లు పోయాక నన్ను బయటికి పొమ్మన్నాడు. పోయాను. కొన్నాళ్లు ఇంకొకరి దగ్గర చేశాను. ఆ పార్టీ, దారాలు కట్టిన మనిషి చెక్ చేసిన గుడ్డే పంపమని అడిగిందట. నర్సయ్య మళ్లీ పిలిచాడు. క్షమాపణ లేదు, చాయ్ తెప్పించాడు. నేనూ అడగలేదు, చాయ్ తాగి కడ్డీ దగ్గర నిలబడ్డాను.

ఈ కథ నేను గెలిచినట్టు వినబడుతుంది కాబట్టి మీకు ఇంకో సంగతి చెప్పాలి. అన్నిసార్లూ ఇట్లా జరగదు. నాతోటి చెకింగ్‌వాళ్లు ఇద్దరు ఇలాగే కట్టి ఇంటికి పోయారు, వాళ్లను ఎవరూ పిలవలేదు. పిలుస్తారన్న ఆశతో కట్టకండి. తప్పు అక్కడ ఉంది కాబట్టి కట్టండి.

సులోచన

సులోచన నాయన పోశెట్టి, నేను ఖటోదరాలో ఒకే గదిలో ఉన్నవాళ్లం. సాంచా మీద పాత బీము, అంటే పడుగు దారం చుట్టిన దిమ్మ, అయిపోతే కొత్త బీము దారాలను ఒక్కొక్కటిగా దానికి అతికే పని ఆయనది. కూతురుకు చదువు మీద పిచ్చి. ఇంట్లో తెలుగు, బయట గుజరాతీ, గల్లీలో హిందీ, బడి దాటాక ఇంగ్లీషు. ఆ తర్వాత మలయా భాష నేర్చుకుంది, డచ్చివాళ్ల పాత కాగితాలు చదవడానికి వాళ్ల భాషా నేర్చుకుంది. అన్ని భాషలు నేర్చి ఏం చేస్తావమ్మా అని అడిగితే, సూరత్ రేవు నుంచి మూటలు ఎక్కించుకొని పోయిన ఓడలు ఎక్కడ దిగాయో వెతుకుతున్నాను అనేది. పోశెట్టి తల కొట్టుకునేవాడు. మేము రైలెక్కి వచ్చిన సంగతి చాలదా, ఓడల సంగతి ఎందుకని.

ఉద్యోగం వేరే ఊళ్లో వచ్చింది. ఆదివారం రైల్లో వచ్చేది. నాయనను చూసి మా ఇంటికి వచ్చేది. సూటిగా చెప్పాలంటే మర్యాద తెలిసిన మనిషి కాదు. నా భార్య రాజవ్వ వండిన కూర తిని ఉప్పెక్కువైంది అని మొహం మీదే చెప్పేది. పెళ్లికి పిలిస్తే వచ్చి పురోహితుడితో వాదన పెట్టుకునేది. మా పిల్లలకు కాలేజీలో సీటు ఇప్పించమంటే చెవిన వేసుకునేది కాదు. మార్కులు తెచ్చుకోమనండి అనేది. గల్లీలో ఆమెను ఇష్టపడిన మనుషులు వేళ్ల మీద లెక్కపెట్టాలి. అందుకే నాకు నచ్చింది కావచ్చు.

ఒక ఆదివారం ప్లాస్టిక్ కవరులో అరచేతి అంత చిరిగిన గుడ్డ ముక్క తెచ్చింది. ఆ జావా దిక్కున సులవేసి అనే దీవి ఉందట. అక్కడి కొండలలో ఉండే జనం గుజరాత్‌లో అచ్చు వేసిన గుడ్డలను తరతరాలుగా దాచుకున్నారట. ఆ ముక్క ఒక పాత సామాన్ల దుకాణంలో దొరికింది. పూర్తి గుడ్డ ఫొటో కూడా చూపించింది. ఎర్ర రంగు, పూలు, అంచుకు త్రికోణాలు. నా చేతికి ఇచ్చి చూడమంది. నేను అలవాటుగా తిరగేసి కిటికీకి ఎదురుగా పట్టాను. ఒక పడుగు దారం లేదు. ఒకచోట పేక లావు. అచ్చు ఒక పక్కకు జరిగింది.

“బిడ్డా, గిది నా కాడికొస్తే మూడు ఎర్రదారాలు గడ్తుంటి. సెకండ్ మాల్.”

“ఆ సెకండ్ మాల్ను వాళ్లు బుట్టల వెట్టి దాస్తరు కాకా. మనిషి సచ్చినప్పుడు, పంటలప్పుడు తప్ప బయటికి దియ్యరు. దేవుడిచ్చిన గుడ్డ అంటరు.”

నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు. ఆ మూడు తప్పులు ఎక్కడెక్కడున్నాయో చూపించమని, ఒక్కొక్కటి ఎందుకు వస్తుందో అడిగి తెలుసుకుంది. పేక లావు కావడం దారం వడికినప్పుడే జరిగిందా, నేసేటప్పుడా అని అడిగితే చేత్తో వడికిన దారం సంగతి నాకు తెలియదన్నాను. అది ఆమెకే నాకన్నా బాగా తెలుసు. చేత్తో వడికిన నూలు ఎట్లా ఉంటుందో నాకే చెప్పింది. నేను మిల్లు దారం మనిషిని.

“మరి నేసిందెవరు?” అన్నాను.

“తెల్వది.”

“గిన్ని బాసలు నేర్చి, గిన్ని దేశాలు దిరిగి, తెల్వదంటవ్?”

“గిన్ని దిరిగినంకనే తెల్వదని అంటున్న కాకా. కాగితాలు రాసినోళ్లకు ఎన్ని మూటలు ఓడెక్కినయో గావాలె. వాటికి బదులు లవంగాలు ఎన్ని వచ్చినయో గావాలె. నేసినోడు ఎవడైతే వాళ్లకేంది? పేరు రాయలే. రాయనిది నేనెట్ల జెప్పాలె?”

అప్పుడు నేను ఛగన్‌కాకా నల్లదారం సంగతి చెప్పాను.  చరిత్ర రాసే మా వాళ్లకు ఈ దారం లేదు కాకా, తెలియని చోట పెద్ద పెద్ద మాటలు రాసి నింపుతారు అంది. పోతూ పోతూ నా నల్ల రీలు నుంచి జానెడు దారం తెంపుకొని పోయింది. ఏం చేసుకుందో నేను అడగలేదు.

తెలియదు అని రాసింది

సమాజ్ హాలు కట్టాక ప్రారంభానికి ఒక పుస్తకం వేద్దామని అనుకున్నారు. అప్పటికి నర్సయ్య సమాజ్ అధ్యక్షుడు. మన కుల చరిత్ర రాయమని సులోచనను అడిగారు. రాసి ఇచ్చింది. వాళ్లు వేయలేదు. ఆమె హైదరాబాద్ తెలుగు పత్రికకు పంపుకుంది, అక్కడ అచ్చయింది. ఇక గల్లీలో ఒకటే మాట. సులోచన మనకు చరిత్ర లేదని రాసిందట. మన తాతలు దేనికీ పనికిరాని వాళ్లని రాసిందట. పోశెట్టి అప్పటికి మంచాన పడ్డాడు. చాయ్ దుకాణంలో ఆయన కొడుకును పట్టుకొని, మీ అక్క చదివింది మనల్ని తిట్టడానికేనా అని అడిగారు. ఆ ఇంటికి పోవడం చాలామంది మానుకున్నారు.

నేను అందరినీ ఒకటే అడిగాను, చదివినవా అని. ఒక్కడూ చదవలేదు. ఒకడికి ఇంకొకడు చెప్పాడు, వాడికి గంగారాం చెప్పాడు. గంగారాం సమాజ్ కార్యదర్శి. వాణ్ణి అడిగితే మొదటి పేజీ చదివాను అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఒకడు చూసి చెబితే నేను ఎన్నడూ దారం కట్టలేదు. నా కళ్లతో, నా అరచేతితో చూడాలి. కానీ ఇది గుడ్డ కాదు. నాకు మీటర్ల లెక్క, గుజరాతీ అంకెలు తెలుసు. తెలుగు అక్షరం రాదు.

రాజవ్వ చిన్నప్పుడు ఊళ్లో నాలుగో తరగతి దాకా చదివింది. నేర్పమన్నాను. పొద్దున పొయ్యి దగ్గర కూర్చోబెట్టుకొని పలక మీద దిద్దించింది. ఆమె నాలుక సంగతి మీకు తెలియదు. వెంట్రుక మందం దారం తెగితే పట్టుకునే మనిషివి, ఇంత లావు అక్షరం కనబడుతలేదా అనేది. ఒత్తుల దగ్గర నేను కోపం తెచ్చుకొని లేచిపోతే, సాంచా మీద దారం తెగితే కూడా గిట్లనే లేచిపోతుంటివా అని పిలిచి కూర్చోబెట్టేది. ఎండాకాలంలో మొదలుపెడితే వానలు వెలిసేసరికి పత్రిక పట్టుకొని చదవగలిగాను. వేలు పెట్టి, ఒక్కో మాట కూడబలుక్కుంటూ, వారాల తరబడి చదివాను. ముందు నుంచి ఒకసారి, వెనక పేరా నుంచి ముందుకు ఒకసారి. తిరగేసి చూడటం, నాకు వచ్చిన పద్ధతి అదొక్కటే.

ఆమె ఏం రాసిందో చెబుతాను. సూరత్ నుంచి, మన తెలుగు సముద్రపు రేవుల నుంచి కూడా ఆ దీవులకు లెక్కలేనంత గుడ్డ పోయిందని రాసింది. అది నేసినవాళ్ల పేర్లు దొరకవని రాసింది. మన కుటుంబాలు సూరత్ వచ్చింది మొన్నమొన్న, నాయనల కాలంలోనే, సాంచాల మీద పనికి. మన పల్లెలు సముద్రానికి చాలా దూరం. అక్కడ నేసిన గుడ్డ ఓడెక్కిందో లేదో తెలియదు. ఇట్లా రాసి ఆగలేదు. మన తాతలు నేసింది ఎక్కువగా చుట్టుపక్కల ఊళ్లలో నాట్లు వేసే ఆడవాళ్లు కట్టుకున్న ముతక చీరలు, ఆ పని గొప్పదనానికి ఏ రాజు సాక్ష్యమూ అక్కర్లేదని రాసింది.

తిట్టు ఎక్కడుంది ఇందులో? నేను పత్రిక పట్టుకొని ఇల్లిల్లూ తిరిగాను. మీ అమ్మ కట్టుకున్న చీర గుడ్డ కాదా, రాజు కట్టుకుంటేనే గుడ్డా అని అడిగాను. కొందరు విన్నారు. కొందరు నాకు కొత్తగా అక్షరాలు వచ్చి మిడిసిపడుతున్నానని అన్నారు. సులోచనకు చెబితే, చదివినవా కాకా, నిజంగ చదివినవా అని అడిగింది. ఒక్క వాక్యం అర్థం కాలేదని చూపించాను. ఆమె దాన్ని చూసి, ఇది నేనే సరిగా రాయలేదు అంది. ఆ వాక్యం పక్కన పెన్సిలుతో నల్లగీత గీసుకుంది.

గోడ మీది మాట

సులోచనకు జబ్బు చేసింది, పోయింది. ఆమె చెప్పిన పాఠం ఇప్పుడు ఆ విశ్వవిద్యాలయంలో ఎవరూ చెప్పడం లేదట, పిల్లలు చేరడం లేదని తీసేశారట. అది వాళ్ల కర్మ. మా దగ్గర జరిగింది ఇంకో రకం. బతికినన్నాళ్లు ఆమె మొహం చూడని సమాజ్, పోగానే ఆమెను తమ బిడ్డ చేసుకుంది. పేపర్లో ఫొటో వచ్చింది గదా.

నర్సయ్య ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. హాలులో ఆమె ఫొటో, కింద బోర్డు పెడుతున్నామన్నాడు. ఆమె చివరి దాకా వచ్చిపోయిన ఇల్లు మాది కాబట్టి పరదా నేనే తీయాలన్నాడు. బోర్డు మీద ఏం రాస్తున్నారని అడిగాను. జేబులో నుంచి కాగితం తీసి ఇచ్చాడు, నీకు అక్షరాలొచ్చినయ్ గద అంటూ. చదివాను. జావా రాజులకు బట్టలు నేసిన వంశం మనదని ప్రపంచానికి రుజువు చేసిన మన ఆడబిడ్డ అని ఉంది.

“గిది ఆమె అనలే సేటూ.”

“అనకపోతే ఏమైతది? పోయినామెకు గొప్ప పేరొస్తది.”

“ఆమె రాసింది దీనికి ఉల్టా. తెల్వదని రాసింది.”

నర్సయ్య నా చేతిలో కాగితం తీసుకొని మడిచాడు. తర్వాత అన్న మాట నేను దాచను, అందులో బాధ ఉంది.

“మన పోరలు బళ్లె మీదే ఊరని అడిగితే తలకాయ దించుకుంటరు మల్లేశం. బయటోళ్లు, సాంచాలోళ్లు అంటరు. తెల్వదని బోర్డు రాస్తే ఆ పోరలకేం ఇజ్జత్ అయితది? జర వాళ్లకు జెప్పుకోనీకె ఒక మాట ఉండాలె.”

“ఉండాలె. రేపు ఎవడన్న చదువుకున్నోడు, ఏది జూపియ్యి అంటే మన పోరలు ఏం జూపిస్తరు? నీ బోర్డేనా?”

ఆయన లేచాడు. చెప్పులు వేసుకుంటూ, రేపు నీ ఇంట్ల ఏదన్న కార్యం అయితే సమాజ్ రావాలె గద అన్నాడు. మా గల్లీలో ఈ మాట చిన్నది కాదు. పెళ్లికి, చావుకు నిలబడేది సమాజే. లోపల నుంచి రాజవ్వ అంది, “రాకుంటే మంచిదే సేటూ, వంట తక్కువైతది.” నేను కూడా చెప్పాను, నేను పోయినప్పుడు ఎవరు మోస్తారో నేను చూడబోయేది లేదని. నర్సయ్య నవ్వలేదు. వెళ్లిపోయాడు.

వాళ్లు పరదా గంగారాంతో తీయించారు. నన్ను పిలవలేదు, అయినా పోయాను. హాలు నిండింది. ముందు వరసల్లో సేట్లు, వెనక సాంచాల మనుషులు, ఆడవాళ్లు. సులోచన ఫొటో బాగుంది, ఎవరినో తప్పు పట్టబోతున్నట్టు చూస్తోంది. కింద బోర్డు, అదే మాట, బంగారు రంగు అక్షరాలతో. ఫ్రేము అంచుకు పూలదండల కోసం చిన్న మొలలు కొట్టి ఉన్నాయి.

దండలు వేయడానికి వరస కట్టారు. నేనూ వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చినప్పుడు జేబులో నుంచి రెండు దారాలు తీశాను. రుజువు చేసిన అన్న మాట పక్కనున్న మొలకు ఎర్రదారం కట్టాను. వంశం మనది అన్న మాట పక్కన నల్లదారం. ముడి వేసి, కొసలు బయటికి కనబడేట్టు వదిలి, ఫొటోకు దండం పెట్టి పక్కకు జరిగాను. 

మాట్లాడే అవసరం లేదు. ఆ హాలులో కూర్చున్నవాళ్లంతా గుడ్డ మనుషులు. ఎర్రదారం అంటే ఏమిటో చంటిపిల్లకు కూడా తెలుసు. జోల్వాలో నాతో పనిచేసినవాళ్లకు నల్లదారమూ తెలుసు. ముందు వరస గుసగుసలాడింది. వెనక ఎవరో ముసలాయన గట్టిగా నవ్వి దగ్గుగా మార్చుకున్నాడు. గంగారాం దారం తెంపబోతే నర్సయ్య చెయ్యి పట్టి ఆపాడు, జనం చూస్తున్నారు గదా. సభ అయ్యాక చూస్తే దారాలు లేవు.

మరుసటి ఆదివారం పోయి మళ్లీ కట్టాను. తెంపారు. ఆ తర్వాతి ఆదివారం కట్టాను. తెంపారు. ఎవరు తెంపుతున్నారో తెలుసుకుందామని ఒక సోమవారం పొద్దున పోయి హాలు మెట్ల మీద కూర్చున్నాను. నర్సయ్యే వచ్చాడు. చేతిలో కత్తెర, ఆనాడు కార్ఖానాలో తెంపించిన మనిషి ఇప్పుడు స్వయంగా తెంపుతున్నాడు. నన్ను చూసి మెట్ల మీద నా పక్కన కూలబడ్డాడు. ఆయనకూ మోకాళ్ల నొప్పులే.

“ఎన్ని దినాలు గడ్తవ్?”

“నువ్వు దెంపినన్ని దినాలు.”

“బోర్డు మార్చేది లేదు.”

“దారం ఆపేది లేదు.”

ఇద్దరం చాయ్ తాగాం. ఆయన లోపలికి పోయి తెంపాడు. నేను ఇంటికొచ్చాను. సమాజ్ నుంచి మా ఇంటికి పిలుపులు తగ్గాయి. ఈమధ్య ఒక పెళ్లికి మమ్మల్ని పిలవలేదు, రాజవ్వ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు నా చొక్కా ఉతికి ఆరేసి, జేబులో రీలు ఉందో లేదో చూసి పెట్టింది.

చెకింగ్‌లో చేరే పిల్లలూ, మీకు చెప్పాలనుకున్నది ఇదే. సులోచన చేసిన పని, నేను చేసిన పని ఒకటి కావని నాకు తెలుసు. ఆమె చదివిన కాగితాలు నేను ఏడు జన్మలెత్తినా చదవలేను. కానీ ఆమె ఒక దారం కట్టి పోయింది, అది తెంపితే ఊరుకోవడానికి నేను ఆ పనిలో బతకలేదు. మీ గుడ్డ మీద మీరు కట్టిన దారాన్ని సేటు తెంపుతాడు. ఇంట్లోవాళ్లు పోనీ అంటారు. పోనీయకండి.

నిన్న ఆదివారం హాలుకు పోయాను. ఎప్పటిలాగే ఎర్రదారం లేదు. తెలియదు అని చెప్పే నల్లదారం మాత్రం నేను వేసిన ముడితోనే ఉంది, కొస కూడా కత్తిరించలేదు. కత్తెర అక్కడిదాకా వచ్చి ఆగినట్టుంది. ఎందుకు వదిలాడో నేను నర్సయ్యను అడగలేదు.

ఎర్రది మళ్లీ కట్టి వచ్చాను.